పదివేలు, ఏ తాలా?

పెట్టె మీద కూర్చున్న పెనినా మధ్యాహ్నం నుంచి లేవలేదు.

"అమ్మా, లేచి కాస్త తిను," అన్నాడు కొడుకు ఫెరెతి.

"ఇక్కడికే తెచ్చిపెట్టు."

"పెట్టె మీద కూర్చుని ఎవరైనా తింటారా?"

"పెట్టె కోసం అక్కా తమ్ముడూ కొట్టుకునే ఇంట్లో తల్లి ఎక్కడ కూర్చుని తింటే ఏం పోయింది? దుంపలు ఉడికాయా లేదా, అది చెప్పు."

కూతురు ఎసెతాకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. నవ్వితే తమ్ముడు ఇంకా రెచ్చిపోతాడు. తను ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది, ఫెరెతి ఎదురు స్తంభానికి ఆనుకున్నాడు. మధ్యలో ఆమె ఆక్లాండ్ నుంచి తెచ్చుకున్న నీలం పెట్టె, దాని మీద ఎనభై ఏళ్ళ తల్లి. పెనినా సామాన్యమైన మనిషి కాదు, ఆవిడ ఎక్కితే పడవ కూడా ఓ పక్కకి ఒరుగుతుంది. పాపం పెట్టె ఎప్పుడో మూలగడం మానేసింది.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ ఇంటికి గోడలే లేవు. చుట్టూ స్తంభాలు, పైన కప్పు, మిగతావన్నీ చెవులే. అందుకని పొద్దుటి నుంచీ గొడవంతా గుసగుసల్లోనే నడుస్తోంది. గుసగుసగా తిట్టుకుంటే కోపం తీరదు, ఇంకాస్త పెరుగుతుంది.

"రేపు కొత్త చర్చి ప్రతిష్ఠ," అన్నాడు ఫెరెతి, అప్పటికి వందసార్లు అన్నమాటే. "చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి దిగాయి. మన ఇంటి పేరు పిలిచి, పదివేలు, న్యూజిలాండ్ తాలా అంటారు. అని కానుకల పళ్ళెంలోకి చూస్తారు. చూసి ఏమనుకుంటారు అక్కా?"

"నేను న్యూజిలాండ్ అనలేదు."

"పదివేల తాలా అన్నావా, లేదా?"

"అన్నాను. సమోవాలో ఉన్నవాడితో తాలా అంటే సమోవా తాలా కాక మరేంటి?"

"ఆక్లాండ్‌లో ఉన్నది తాలా అంటే ఆక్లాండ్ తాలా కాక మరేంటి?"

ఇద్దరిదీ తప్పు కాదు, తప్పంతా ఆ మాటది. వాళ్ళ భాషలో సొంత దేశపు డబ్బూ తాలాయే, పరదేశపు డాలరూ తాలాయే. ఆ మాటకొస్తే చెప్పుకునే కథ కూడా తాలాయే. ఫోన్‌లో అక్క ఒక తాలా చెప్పింది, తమ్ముడు ఇంకో తాలా విన్నాడు. విన్నవాడు విని ఊరుకున్నాడా? పెద్దల సభలో లేచి, మా అక్క పదివేలు తెస్తోంది, న్యూజిలాండ్ తాలా, అని చెప్పేశాడు. వయసులో ఎసెతా కంటే చిన్నవాడే అయినా ఇంటి పెద్ద పదవి అతనిదే. సభలో అతని నోట్లోంచి మాట వచ్చిందంటే ఇల్లంతా ఇచ్చిన మాటే.

మొన్న విమానం దిగి, తన పొదుపంతా మార్చి పదివేల సమోవా తాలా చేతిలోకి తీసుకున్నప్పుడు ఎసెతా ఎంత మురిసిపోయిందో! రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యి పక్కన నిలబడి రెండేళ్ళు కూడబెట్టిన సొమ్ము. డబ్బు మార్చేచోట అద్దం వెనక కూర్చున్న పిల్ల, "ఆ కవర్లలోది కూడా మార్చేయమంటారా ఆంటీ?" అని అడిగింది.

"అవి నావి కాదు తల్లీ," అంది ఎసెతా.

ఆ కవర్లు ఫ్యాక్టరీలో తోటి ఆడవాళ్ళు ఊళ్ళో ఉన్న తల్లుల మందులకీ కళ్ళజోళ్ళకీ ఇచ్చినవి. డబ్బు పంపే దుకాణానికి వెళ్తే వాళ్ళ కూలి వాళ్ళు కోసుకుంటారు. పైగా దుకాణం అమ్మ చెంప నిమిరి, నీ కూతురు బాగుంది అని చెప్పదు కదా. అందుకని ఎవరు ఊరెళ్తున్నా వాళ్ళ చేతికి కవర్లు వచ్చిపడతాయి. విమానంలోనూ, ఆ తర్వాత సవాయి దీవికి దాటే ఓడలోనూ ఎసెతా వాటిని గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకునే కూర్చుంది. న్యూజిలాండ్ నోటు ప్లాస్టిక్ నోటు, చెమటకి తడవదు. తడిసిందల్లా ఆమే. ఇంటికి రాగానే గుడ్డ విప్పి, కవర్లు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

అక్కడే వచ్చింది చిక్కు. విదేశం నుంచి వచ్చిన పెట్టెకి ఎవరూ తాళం వెయ్యరు. పెట్టె వచ్చిందంటే చాప మీద బోర్లించడమే, అందులోది ఇంట్లో అందరిదీ. తాళం వేసిన పెట్టెని చూస్తే ఫెరెతికి చెంపదెబ్బ తిన్నట్టయింది.

"లోపల ఏముందో నాకు తెలుసు," అన్నాడిప్పుడు. "లూపే చూసింది."

టారో దుంపలు చెక్కుతున్న లూపే తలెత్తలేదు. ఫెరెతి భార్య ఆవిడ, ఇద్దరి మధ్యా నలిగిపోతోంది.

"నేను చాడీలు చెప్పలేదు వదినా. ఏదో మాటల్లో వచ్చింది."

"నీ మాటల్లో అన్నీ అలాగే వస్తాయిలే లూపే."

"దాన్నెందుకు అంటావు?" అన్నాడు ఫెరెతి. "మనకి ఆరువేల పైచిలుకు తక్కువ. ఆ కవర్లలో ఉన్నది మార్చి చూస్తే ఇంచుమించు అంతే. దేవుడే పెట్టాడు అక్కా, ఆ పెట్టెలో."

"దేవుడు పెట్టలేదు. లేతా పెట్టింది, ఫిలిపా పెట్టింది. చేతులు కాల్చుకుంటూ ట్రేలు మోసే మెలె పెట్టింది."

"నేనేం కాజేస్తానన్నానా? బదులు. టారో పంట అమ్మగానే కవరుకి కవరు నింపి నేనే తీసుకెళ్ళి ఇస్తాను. వాళ్ళకి తెలియను కూడా తెలియదు."

"బాగుంది నీ భక్తి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది."

లూపే చేతిలో కత్తి ఆగిపోయింది. ఫెరెతి మెడ నరాలు ఉబ్బాయి. కానీ అక్క మీద తమ్ముడు గొంతెత్తకూడదు, తాతల నాటి ఒడంబడిక అది. ఆ నేల మీద అక్కకి నోరుంది, తమ్ముడికి కొరుక్కోవడానికి పళ్ళున్నాయి. అతను చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"నీకేం అక్కా," అన్నాడు చివరికి, మెల్లిగా. "నువ్వు విమానం ఎక్కి పోతావు. రేపటి తర్వాత ఈ ఊళ్ళో మొహం చూపించుకుని బతకాల్సింది నేను. నా పిల్లల్ని పట్టుకుని, మీ నాన్న పదివేలేవిరా అని బడిలో ఏడిపిస్తారు."

ఆ మాట ఎసెతాకి గుచ్చుకుంది, అబద్ధమైతే కదా గుచ్చుకోకుండా ఉండటానికి. వెళ్ళి ఇరవై ఏళ్ళయింది. ఈ ఊరి వాన, ఈ ఊరి సభలు, ఈ ఊరి ఎత్తిపొడుపులు అన్నీ తమ్ముడే భరించాడు. తను డబ్బు పంపింది, వాడు ఉన్నాడు. ఏది ఎక్కువో ఆమెకి తెలియదు.

"తెలుసురా," అంది. "అయినా ఇవ్వను."

బయట శంఖం ఊదారు.

సాయంత్రం ప్రార్థన వేళ. దారిలో నడిచేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. లూపే చేతులు తుడుచుకుంది. చంపుకునేంత కోపం ఉన్నా సరే, శంఖం ఊదాక అందరూ కూర్చుని పాడాల్సిందే. పాడారు. పెనినా పెట్టె మీంచే పాడింది. నలుగురి గొంతులూ ఎప్పటిలాగే ఒకదానికొకటి చక్కగా కుదిరాయి. అది చూసి ఎసెతాకి ఒళ్ళు మండింది.

తర్వాత ఇంటి పెద్ద ప్రార్థన చెయ్యాలి. ఫెరెతి కళ్ళు మూసుకుని గొంతు సవరించుకున్నాడు. దేవుడితో మాట్లాడేటప్పుడు గుసగుసలాడక్కర్లేదు. పొద్దుటి నుంచి దొరకని గొంతు అతనికిప్పుడు దొరికింది.

"పరలోకమందున్న మా తండ్రీ! మా అక్కని క్షేమంగా సముద్రం దాటించి ఇంటికి చేర్చినందుకు నీకు స్తోత్రం. కానీ ప్రభువా, ఆ చలిదేశంలో ఆవిడ హృదయం గడ్డకట్టుకుపోయింది, కరిగించు. పుట్టిన ఇంటి పరువు కంటే పరాయివాళ్ళ కవర్లు ముద్దయిపోయాయి. నీ మందిరం కంటే పెట్టె తాళం..."

"ఆమేన్," అంది ఎసెతా.

"నేనింకా ముగించలేదు."

"నాకు ముగిసింది. ఇక నేను చేస్తాను." ఆమె కూడా కళ్ళు మూసుకుంది, ఆమె కూడా గొంతు పెంచింది. "ప్రభువా! దొంగిలించకు అని నువ్విచ్చిన ఎనిమిదో ఆజ్ఞని మా నాన్న మా తమ్ముడికి చిన్నప్పుడే బెల్టు పెట్టి నేర్పించాడు. వాడు మర్చిపోయినట్టున్నాడు, గుర్తు చెయ్యి. వాడు నీ మందిరం కిటికీలకి రంగు అద్దాలు పెట్టించాలనుకుంటున్నాడు, ఎవరి తల్లుల కళ్ళజోళ్ళ డబ్బుతోనో. ఆ అద్దాల్లోంచి నీకు మేం కనబడతామా తండ్రీ?"

పక్కింట్లో ఎవరో నవ్వబోయి దగ్గారు.

"ప్రభువా," అంది పెనినా, వాళ్ళిద్దరి కంటే గట్టిగా. "వీళ్ళిద్దరికీ బుద్ధి ఇయ్యి. ఇవ్వలేకపోతే నా నడుం నొప్పయినా తగ్గించు. ఆమేన్."

మళ్ళీ శంఖం ఊదారు. దారిలో జనం కదిలారు. వాళ్ళతో పాటే అపెరామో వచ్చాడు, చేతిలో కర్ర, భుజం మీద పీచు చామరం. ఈ ఇంటి తరఫున సభల్లో మాట్లాడే వక్త ఆయన. రేపు చర్చి ముందు ఇచ్చే కానుకల్ని పేరుపేరునా గొంతెత్తి పలకాల్సింది ఆయనే. లూపే ఇచ్చిన కోకో సగం తాగాడు.

"మీ ప్రార్థనలు దేవుడు విన్నాడో లేదో గానీ, ఊరంతా విన్నది," అన్నాడు తర్వాత. "ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతమా? రేపు నేను పదివేల తాలా అంటాను. ఏ తాలాయో అనను. నేను అన్నది నిజం, విన్నది వాళ్ళ ఇష్టం."

ఫెరెతి మొహం వెలిగింది. వెంటనే ఆరిపోయింది. "సభలో న్యూజిలాండ్ అని చెప్పేశాను కదండీ."

"అందుకే పళ్ళెంలో పైన కాసిని న్యూజిలాండ్ నోట్లు పరవండి. కింద ఏమున్నాయో దేవుడి సన్నిధిలో ఎవడు తిరగేస్తాడు? అన్ని కవర్లూ అక్కర్లేదమ్మా ఎసెతా. ఒక్కటి చాలు."

ఒక్కటి. నిజం చెప్పాలంటే ఎసెతా ఊగిసలాడింది. ఒక్క కవరే కదా. తిరిగి వెళ్ళాక మొదటి జీతంలోంచి ఇచ్చేస్తే సరి, మెలె ఏమీ అనుకోదు. మెలె ఎప్పుడూ ఏమీ అనుకోదు. కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ ట్రే ఎత్తుతుంది గానీ ఏమీ అనదు. ఏమీ అననిదాని కవరే ముందు చిరుగుతుంది, లోకంలో ఎక్కడైనా ఇంతే. ఆ సంగతి తట్టగానే ఎసెతాకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"అపెరామో గారూ, నాకొకటి చెప్పండి," అంది. "పెళ్ళికో చావుకో కానుకగా వచ్చిన చాపని మీరు నిలబడి, ఫలానా వాళ్ళు పంపింది, ఫలానా వాళ్ళకి అని గొంతెత్తి పలికారనుకోండి. ఆ తర్వాత దాన్ని ఇంకొకరు ముట్టుకోవచ్చా?"

"భలేదానివే. పలికాక ఇంకేముంది? ఎవరి పేరున పలికితే వాళ్ళది. ఎంత పెద్ద బిరుదున్నవాడైనా ముట్టడు."

"అంతే కదా. అమ్మా, లే."

పెనినా కూతురి మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో ఏమో, లూపే భుజం పట్టుకుని లేచి పక్కకి జరిగింది. ఎసెతా తాళం తీసి, కవర్ల మూట పట్టుకుని, దారి వైపు ఉన్న రాతి మెట్టు మీద నిలబడింది.

"అక్కా, ఏం చేస్తున్నావు?" అన్నాడు ఫెరెతి.

ఆమె ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

"వినండహో! ఆక్లాండ్ నుంచి వచ్చింది! సఫోతు ఊరి ఫాలెనికి, కూతురు లేతా పంపింది! రెండువందలు, న్యూజిలాండ్ తాలా!"

ఊళ్ళో కుక్కలు కూడా నోరు మూసుకున్నాయి. ఆడమనిషి అలా నిలబడి పలకడం ఆ ఊరు ఎన్నడూ వినలేదు. ఎసెతా రెండో కవరు తీసింది. ఇంతలో ప్రతిష్ఠకి వచ్చినవాళ్ళు విడిది చేసిన పందిరి వైపు నుంచి ఒక ముసలి కేక వినబడింది.

"నేనే ఫాలెనిని! ఇక్కడే ఉన్నా! వస్తున్నా ఆగు!"

ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. ఎసెతా కవరు చేతిలో పెట్టి, ముడతలు పడిన చెంప నిమిరింది.

"లేతా బాగుందమ్మా. కాస్త ఒళ్ళు చేసింది."

"చెయ్యనీ, చెయ్యనీ! ఇక్కడున్నప్పుడు పుల్లలా ఉండేది," అని ఫాలెని ఏడ్చేసింది.

ఆ తర్వాత ఎసెతాకి ఆగే పని లేకపోయింది. ఒక్కో పేరూ పలికింది, ఒక్కో మొత్తమూ పలికింది, ప్రతిసారీ న్యూజిలాండ్ తాలా అని విడమర్చి పలికింది. ప్రతిష్ఠకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి ఉన్నాయేమో, సగం మందికి పైగా అక్కడే దొరికారు. దొరకనివాళ్ళ కోసం, వాళ్ళ ఊరివాళ్ళు మేం విన్నాం, మేం సాక్షులం అని అరిచారు. మెలె తల్లి నడవలేకపోతే ఇద్దరు మోసుకొచ్చారు. ఇంటి నిండా ఆడవాళ్ళు నిండిపోయారు. ఇంటికి వచ్చినవాళ్ళకి స్వాగతం పలకకపోతే ఫెరెతి ఇంటి పెద్దే కాడు. పాపం అతను పళ్ళు బిగబట్టుకుని ప్రతి ముసలమ్మకీ, తమరి రాకతో మా ఇల్లు పావనమైంది అంటూ కూర్చున్నాడు. లూపే కోకో కుండ రెండుసార్లు నింపింది.

వచ్చినవాళ్ళు వెళ్ళేసరికి చీకటి పడింది. అపెరామో కర్ర అందుకుని లేచాడు.

"నా తల నెరిసేదాకా ఈ ఊళ్ళో నేను పలికిందే పలుకు. ఇవాళ నా పని నువ్వు లాక్కున్నావు."

"మీరు పలకనన్నదే నేను పలికాను. మీ పని మీ దగ్గరే ఉంది."

"ఉందా?" అన్నాడాయన. "రేపు నేను పదివేల తాలా అనగానే చంటిపిల్లాడు కూడా ఏ తాలా అని అడుగుతాడు. ప్రతి కవరుకీ విడమర్చి మరీ నేర్పించావు కదమ్మా." ఆయన ఫెరెతి వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

లూపే కప్పులు కడగడానికి కూర్చుంది.

"ఆయనన్నది విన్నావుగా," అన్నాడు ఫెరెతి.

"విన్నాను. అడగనీ. రేపు చర్చిలో నేనే లేచి చెప్తాను. పదివేలు, సమోవా తాలా, నా చెమట. మా తమ్ముడు తప్పు వినలేదు, నేనే తప్పు చెప్పాను అంటాను. నవ్వేవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు. నువ్వు తలెత్తుకుని కూర్చో."

"నా బదులు నువ్వు తల దించుతావా?"

"నేనెందుకు దించుతాను? ఒకరి సొమ్ము ముట్టలేదు, ఇస్తానన్నది తెచ్చాను. నవ్వితే నవ్వుతారు, అంతేగా."

"అదే. నీకు అంతే." ఫెరెతి లేచి నిలబడి నడుముకి చుట్టుకున్న లావాలావా గుడ్డ బిగించి కట్టుకున్నాడు. "నేను తప్పు విని, మా అక్క నా తప్పు నెత్తిన వేసుకుంటే, నేను తలెత్తుకుని కూర్చోవాలా? దానికంటే నువ్వు నన్ను ఇందాక ఊరి ముందు తిట్టినా బాగుండేది."

మెట్టు దిగాడు.

"చీకట్లో ఎక్కడికిరా?" అంది పెనినా.

"పాస్టరు గారింటికి. అక్క రేపు చెప్తానంటోందిగా, నేను ఇవాళే చెప్తాను."

"ఏమని?"

ఫెరెతి వెనక్కి తిరగకుండా దారి మీద నడుస్తూనే ఉన్నాడు. లూపే తడి చేతులతోనే వచ్చి ఎసెతా ముందు కూలబడింది.

"వదినా, ఆయన పదవి వదిలేస్తానంటారు. నాకు తెలుసు, ఆ మొహం నాకు తెలుసు. వదిలేస్తే ఈ ఇంట్లో మాకు చాప కూడా ఉండదు. వెళ్ళు వదినా, నువ్వొక్కమాటంటే ఆగుతారు. నీ మాట దాటరు."

నిజమే. ఆగు అంటే ఆగుతాడు. అక్క ఆగమన్నాక అడుగు ముందుకు వేసే తమ్ముడు ఆ దీవిలో లేడు. ఎసెతా మెట్టు దాకా వెళ్ళింది. చీకట్లో తమ్ముడి వీపు ఇంకా లీలగా కనబడుతూనే ఉంది, పిలిస్తే వినబడేంత దూరమే. నోరు తెరిచింది. ఆగు అంటే ఇవాళ ఆగుతాడు, రేపు ఆమెనీ ఆగమంటాడు. అప్పుడు సభలో అన్న న్యూజిలాండ్ తాలా మాట అబద్ధంగానే నిలిచిపోతుంది.

నోరు మూసుకుంది.

"పిలవవా?" అంది లూపే. ఆ గొంతులో అంత కోపం ఉందని ఎసెతా అంతవరకు ఎరగదు.

"పిలవను. వాడు చెప్పేది వాడు చెప్పుకోనీ. రేపు నేను లేస్తాను. ఇస్త్రీ పెట్టె ఎక్కడుంది లూపే? నా తెల్లగౌను నలిగిపోయింది."

లూపే కదల్లేదు. ఎసెతాయే వెళ్ళి వెతుక్కుంది.